ఇల్లు ముప్పై రెండు మీటర్లు జరిగింది

మెల్‌బోర్న్‌కు పడమర, మెల్టన్ దాటాక మేం కొన్న ఐదెకరాల స్థలంలో ఇల్లు కట్టుకుంటూ రాసుకున్న డైరీ ఇది. ఇంటి లెక్కలు రాసుకుందామని మొదలుపెట్టాను. ఇప్పుడు తిరగేస్తే సగానికి పైగా గడ్డి గురించే ఉంది. మెల్‌బోర్న్ శివార్లలోని టార్నీట్, ట్రుగనీనా వైపు నుంచి మనవాళ్లు చాలామంది ఇటువైపు పెద్ద స్థలాలు చూస్తున్నారు కాబట్టి, మా తప్పులతో సహా ఉన్నదున్నట్టు పెడుతున్నాను.

2023 మార్చి 18

నిన్న సెటిల్‌మెంట్ అయి స్థలం మా చేతికొచ్చింది. ఈ రోజు పొద్దున్నే నలుగురం వెళ్లి గేటు దగ్గర కొబ్బరికాయ కొట్టాం. స్థలానికి ఉత్తరం పక్క కాస్త ఎత్తుగా, రాళ్లతో ఉంటుంది. అక్కడ నిలబడితే దూరంగా కొండలు కనిపిస్తాయి. ఇల్లు అక్కడే అని కొనకముందే అనుకున్నాం. ఆ ఎత్తు మీదంతా మోకాళ్ల దాకా ఎండుగడ్డి, ఇటుకపొడి రంగులో. దక్షిణం వైపు పల్లంలో గడ్డి ఇంకా ఎత్తు, కానీ రంగు వేరు, తెల్లగా పాలిపోయి ఉంది.

నాన్నకు వీడియో కాల్‌లో చూపించాను. "ఏంట్రా ఇంత బీడు పెట్టారు? ముందు ఆ గడ్డి కొట్టించు, పురుగూ పుట్రా ఉంటాయి" అన్నారు. వచ్చే శనివారానికి ట్రాక్టర్ అతన్ని మాట్లాడాను.

మార్చి 25

ట్రాక్టర్ అతను వచ్చాడు. పల్లంలో రెండు చాళ్లు కొట్టి, ఎత్తు దగ్గరికి వచ్చేసరికి ఇంజిన్ ఆపి కిందికి దిగాడు. అరవై దాటిన మనిషి. ఒక గడ్డి దుబ్బు దగ్గర కూర్చుని, కంకి కోసి నా చేతిలో పెట్టాడు. "ఇది కంగారూ గ్రాస్, ఇక్కడి సొంత గడ్డి. చిన్నప్పుడు మా నాన్న పొలంలో ఉండేది. దీన్ని తీసేసే ఆలోచన ఉంటే ముందు కౌన్సిల్‌ను అడుగు" అన్నాడు. పల్లం వరకే కొట్టి, దానికే డబ్బు తీసుకుని వెళ్లిపోయాడు.

ఆ కంకి ఇంటికి తెచ్చాను. గింజ ముదురు గోధుమ రంగులో నున్నగా ఉంది. దానికి రెండంగుళాల నల్లటి తోక, మధ్యలో మోచేయిలా వంపు. మా అమ్మాయి దాన్ని అరచేతిలో పెట్టుకుని ఒక నీటిచుక్క వేసింది. అర నిమిషం ఏమీ లేదు. తర్వాత ఆ తోక మెల్లగా తిరగడం మొదలైంది, గడియారంలో ముల్లులా. తడిస్తే పురి విప్పుకుంటుంది, ఎండితే మళ్లీ మెలిపడుతుంది. అలా తిరుగుతూ గింజ తనంతట తనే నేలలోకి దిగబడుతుందట. చిన్నప్పుడు గట్ల మీద నడిస్తే లాగూకి గుచ్చుకుని, పీకినా రాని గడ్డిముళ్లు గుర్తొచ్చాయి. అవి ఎందుకలా ఉంటాయో నలభై ఏళ్లొచ్చాక తెలిసింది.

ఏప్రిల్ 11

రెండు వారాలుగా చదివింది, ఇక్కడి స్థానిక సంస్థ అయిన కౌన్సిల్‌లో అడిగి తెలుసుకుంది కలిపి రాసుకుంటున్నాను.

మా విక్టోరియా రాష్ట్రంలో స్థలం 0.4 హెక్టార్లు, అంటే సుమారు ఎకరం గాని అంతకంటే ఎక్కువ గాని ఉంటే, అందులో సహజంగా పెరిగిన స్థానిక మొక్కల్ని తీయడానికి ప్లానింగ్ పర్మిట్ కావాలి. కొన్ని మినహాయింపులు ఉన్నాయి, కానీ అవి మా జోన్‌లో మా ఇంటికి వర్తించవని చెప్పారు. మొక్కలంటే చెట్లే అనుకున్నాను. కాదు, గడ్డి కూడా. ఏటేటా మళ్లీ మొలవనక్కర్లేకుండా బతికే నేలమట్టం మొక్కల్లో కనీసం 25 శాతం స్థానికమైనవైతే చాలు, ఆ చోటును 'ప్యాచ్' కింద లెక్కేస్తారు. అంటే ముప్పాతిక భాగం కలుపున్నా మిగతా పాతికకు రక్షణ ఉంది.

దీని మీద కేంద్ర ప్రభుత్వ చట్టం ఇంకొకటి. 1999 నాటి పర్యావరణ చట్టం కింద, ఈ అగ్నిపర్వత మైదానపు సహజ గడ్డిభూమిని 2008లో అత్యంత ప్రమాదంలో ఉన్నదిగా ప్రకటించారు. మెల్‌బోర్న్ నుంచి పడమరగా వందల కిలోమీటర్లు పరుచుకున్న మైదానమిది. తెల్లవాళ్లు 1835లో గొర్రెలతో దిగేనాటికి ఉన్న గడ్డిలో ఇప్పుడు నూటికి ఐదు పాళ్లు కూడా మిగల్లేదు. మొదట గొర్రెలు మేశాయి, తర్వాత నాగళ్లు దున్నాయి, ఆపైన సూపర్ ఫాస్ఫేట్ చల్లి విదేశీ మేతగడ్డి వేశారు. ఇప్పుడు మిగిలిన దాని మీదికి ఇళ్లు వస్తున్నాయి.

ఆ ఇళ్లలో మాదీ ఒకటి. పదేళ్లుగా మేముంటున్న టార్నీట్ ఇల్లు కూడా ఈ మైదానం మీదే ఉంది. నగరం ఇటు పెరుగుతుందని తెలిసి, బదులుగా పడమట 15,000 హెక్టార్ల గడ్డిభూమిని కొని 2020కల్లా రిజర్వ్ చేస్తామని రాష్ట్ర ప్రభుత్వం 2010లో మాటిచ్చింది. గడువు నాటికి కొన్నది సుమారు పదో వంతేనని 2020 జూన్‌లో ఆడిటర్ జనరల్ నివేదిక చెప్పింది. ఇది చదివిన రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. ఇల్లు కొన్నప్పుడు మా వీధి కింద ఏముండేదని మేం ఒక్కసారి కూడా అడగలేదు.

జూన్ 28

పర్మిట్ కోసం స్థలంలో ఏ స్థానిక మొక్కలు, జీవులు ఉన్నాయో సర్వే చేసే ఎకాలజిస్ట్ దొరికారు. చలికాలంలో ఒకసారి, వసంతంలో ఒకసారి, ఎండలు మొదలయ్యాక నాలుగుసార్లు వస్తానన్నారు. ఒక్కో జీవికి ఒక్కో కాలమట. బిల్డర్‌కు చెబితే "అయితే ఈ ఏడాది పోయినట్టే" అన్నాడు. మా ఆవిడ ముఖం మాడిపోయింది. అద్దెకిచ్చి వచ్చేద్దామనుకున్న పాత ఇంటి ఈఎంఐ ఒకటి, దీని లోన్ ఒకటి. టెన్షన్ నాకూ ఉంది.

ఈ వారం పేపర్లో ఒక వార్త. ఈ గడ్డిభూముల్లో బతికే 'గ్రాస్‌ల్యాండ్ ఇయర్‌లెస్ డ్రాగన్' అనే చిన్న తొండ 1969 తర్వాత ఎవరికీ కనబడలేదు, అంతరించిందనే అనుకున్నారు. మెల్‌బోర్న్ పడమర ఒక చోట మళ్లీ దొరికిందట. ఆ చోటు ఎక్కడో బయటపెట్టలేదు. మా అమ్మాయి అప్పటి నుంచి మన స్థలంలోనూ ఉంటుందని ఒకటే పాట.

జులై 22

చలి ఎముకలు కొరుకుతోంది. ఎకాలజిస్ట్ రాళ్ల ఎత్తు మీద రెండేసి మీటర్ల దూరంలో తాళ్లు కట్టి, వాటి వెంట తలవంచుకుని నడిచారు. వెతికింది 'స్పైనీ రైస్‌ఫ్లవర్' అనే ముళ్ల మొక్క కోసం. మోకాలి ఎత్తు కూడా ఉండదు, చలికాలంలోనే పూస్తుంది కాబట్టి ఇప్పుడే చూడాలి. మా దగ్గర లేదు.

వెళ్లేముందు పాత రూఫ్ పెంకులు వరసగా నేల మీద పరిచి వెళ్లారు. 'స్ట్రైప్డ్ లెగ్‌లెస్ లిజర్డ్' అని కాళ్లు లేని బల్లి ఒకటి ఉంది. ఎండ తగిలి వెచ్చబడ్డ పెంకుల కిందికి చేరుతుందట. చూస్తే పాము అనుకుని కొట్టి చంపేస్తారు జనం.

(తర్వాత రాసింది: వసంతంలో పెంకులన్నీ ఎత్తి చూశారు. బల్లి లేదు. ఒక పెంకు కింద మాత్రం నిజం పాముపిల్లే ఉంది. నాన్న మాట పూర్తిగా తప్పు కాదు.)

అక్టోబర్ 21

అమ్మా నాన్నా వచ్చి రెండు వారాలైంది. ఈ రోజు ఎకాలజిస్ట్ అసలు సర్వే చేశారు. మీటరు చదరం చట్రం ఒకటి నేల మీద వేసి, లోపల ఏ గడ్డి ఎంత భాగం ఉందో మోకాళ్ల మీద కూర్చుని రాసుకున్నారు. మళ్లీ ఇంకో చోట. పొద్దున తొమ్మిదికి మొదలుపెడితే సాయంత్రం నాలుగైంది.

ఫలితం ఇది. ఉత్తరపు ఎత్తు మీద 0.62 హెక్టార్ల ప్యాచ్. ఎక్కువ భాగం కంగారూ గ్రాస్, అంచుల్లో ఇంకో రెండు స్థానిక గడ్డి రకాలు, వాలబీ గ్రాస్, స్పియర్ గ్రాస్. మధ్యమధ్య బ్లూ డెవిల్, ఇంకా పేర్లు నోరు తిరగని చిన్న పూలమొక్కలు పదకొండు రకాలు. దక్షిణం పల్లంలో దాదాపు ఏమీ లేదు, అంతా ఫలారిస్ అనే మేతగడ్డీ కలుపే.

ఎందుకలా అని అడిగాను. రాళ్ల వల్లే అన్నారు. పల్లంలో మట్టి లోతు ఎక్కువ, నాగలి దిగింది. ఎత్తు మీద నేలలో సగం పాతుకున్న నల్లరాళ్లున్నాయి, నాగలి పోలేదు. దున్నని చోటే గడ్డి మిగిలింది. ఇళ్లు కట్టేవాళ్లం మాత్రం ఎత్తు చూసి సరిగ్గా అక్కడికే వస్తాం. మేం గీయించిన ప్లానులో ఇల్లు, డ్రైవ్‌వే, షెడ్, సెప్టిక్ కలిపి 0.27 హెక్టార్ల గడ్డి మీద కూర్చున్నాయి.

అక్టోబర్ 29

తిరిగి వస్తూ ట్రుగనీనా శ్మశానం దగ్గర ఆగాం. ఆ పేరు వినగానే అమ్మ కారు దిగనంది. నాన్నా నేనూ వెళ్లాం. పాత సమాధుల మధ్య దున్నని నేల మీద బటన్ రింకిల్‌వర్ట్ అనే మొక్క బతికి ఉంది. పసుపు గుండీల్లాంటి పూలు. దేశంలోనే అరుదైన మొక్క ఇది. పాత శ్మశానాలు, రైలు పట్టాల పక్క జాగాలు, ఇలా ఎవరూ దున్నని చోట్లే ఈ గడ్డిభూమి ముక్కలు మిగిలాయి. నాన్న చాలాసేపు చూసి, "చచ్చినోళ్లు కాపాడారన్నమాట" అన్నారు.

నవంబర్ 5

ఈ రోజు కాస్త వివరంగా రాయాలి.

మా స్థలంలో 'సెరేటెడ్ టసక్' అనే కలుపు ఉందని సర్వేలో తేలింది. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన గడ్డి. ఒక్క దుబ్బు ఏడాదికి లక్షకు పైగా గింజలు వేయగలదు. గాలికి కంకులు విరిగి దొర్లుకుంటూ కంచెల దాకా పోతాయి. పశువులు తినలేవు, తిన్నా అరగదు. విక్టోరియాలో దీన్ని అదుపు చేయాల్సిన బాధ్యత చట్టప్రకారం స్థలం యజమానిదే. అంటే పక్కపక్కనే పెరిగే రెండు గడ్డి దుబ్బుల్లో ఒకదాన్ని పర్మిట్ లేకుండా తీస్తే తప్పు, రెండోదాన్ని తీయకపోతే తప్పు. రెండూ సన్నటి ఆకులతో, ఒకే ఎత్తులో, ఒకేలా ఉంటాయి. నేను మూడు వారాలుగా ఫొటోలు పక్కన పెట్టుకుని చూసినా ప్రతిసారీ అనుమానమే.

నాన్నకు ఒక చిన్న పార ఇచ్చి, నా బాధ చెప్పాను. ఆయన ఒక దుబ్బు దగ్గర గొంతుక్కూర్చుని ఆకు పైన అసలు చూడలేదు. ఒక పరక పట్టుకుని, ఆకు కాడను విడిచి పక్కకు వంగే మెడ దగ్గర గోటితో మెల్లగా విప్పి కంటి దగ్గర పెట్టుకున్నారు.

"ఏం చూస్తున్నారు?"

"వరి నారుమడిలో ఊద కలుపును ఎట్లా పడతాం? చూపుకి రెండూ ఒకటే. ఇక్కడ విప్పితే వరికి తెల్లటి పొర నాలుకలాగా లేచుంటది. ఊదకి అది ఉండదు, బోడి. మీ తాత నాకు చూపించింది అదే. గడ్డి ఎక్కడైనా గడ్డేగా, ఇక్కడ కూడా తేడా ఆ మెడ దగ్గరే ఉంటది చూడు."

ఎకాలజిస్ట్ ఇచ్చిన కాగితం తీసి చూస్తే అదే రాసి ఉంది! సెరేటెడ్ టసక్‌కు మెడ దగ్గర చిన్న తెల్లటి పొర, వెంట్రుకలు లేకుండా. వాలబీ గ్రాస్‌కు పొర బదులు వెంట్రుకల వరస. నేను ఆ వాక్యం పదిసార్లు చదివాను, కానీ ఎక్కడ చూడాలో వేలు పెట్టి చూపించేవాళ్లు లేక అర్థం కాలేదు. ఇంకో గుర్తు కూడా ఉంది. టసక్ ఆకును బొటనవేలు, చూపుడువేలు మధ్య పెట్టి నలిపితే సూదిలా గుండ్రంగా దొర్లుతుంది. వేళ్ల మధ్య పై నుంచి కిందికి లాగితే గరగరమంటుంది.

"మన దగ్గర పొర లేనిది దొంగ, ఇక్కడ పొర ఉన్నది దొంగ" అని నాన్న తేల్చేసి పని మొదలుపెట్టారు. గింజ ముదరకముందే వేళ్లతో సహా తవ్వి తీయాలి. ఊదారంగు కంకులు అప్పుడే మొదలయ్యాయి. డెబ్బై రెండేళ్ల మనిషి, తెనాలి దగ్గర వరి పొలంలో వంగిన నడుము, ఈ దేశంలో మళ్లీ కలుపు తీస్తోంది. సాయంత్రానికి ఇద్దరం కలిసి 140 దుబ్బులు తీశాం. నేను తీసిన వాటిలో రెండు తప్పని ఆయనే పట్టుకుని, వెంటనే అదే గుంటలో పెట్టి మట్టి నొక్కారు.

డిసెంబర్ 9

గోల్డెన్ సన్ మాత్ అనే, సీతాకోకచిలక లాంటి రెక్కల పురుగు కోసం మూడో సర్వే. ఈ చిలక ఎండలో మాత్రమే, 20 డిగ్రీలు దాటాక, గాలి లేని మధ్యాహ్నం ఎగురుతుంది. పురుగుగా రెండు మూడేళ్లు నేలలో గడ్డివేళ్లు తింటూ గడిపి, చిలకై బయటికొచ్చాక కొద్ది రోజులే బతుకుతుంది. ఆ కొద్ది రోజులూ ఏమీ తినదు. తినడానికి నోరే ఉండదు.

పన్నెండున్నరకు వాలబీ గ్రాస్ అంచున ఎకాలజిస్ట్ చెయ్యెత్తి ఆగమన్నారు. కాళ్ల దగ్గర ఖాళీ మట్టి మీద బూడిదరంగు చిలక ఒకటి, మూడు సెంటీమీటర్లు ఉంటుందేమో. రెక్క కొంచెం విప్పింది. లోపలి రెక్క నిగనిగలాడే నారింజ రంగు, అంచుల్లో నల్లచుక్కలు. ఆడది, ఎక్కువ ఎగరలేదు. పైన తిరిగే మగవాటికి కనబడేలా రెక్కలు విప్పి కూర్చుంటుంది. పది నిమిషాలు మేం కదల్లేదు. అమ్మ ఫ్లాస్కులో టీ పట్టుకొచ్చి, తనూ అలాగే నిలబడిపోయింది.

ఆ చిలక కూర్చున్న చోటు మా ప్లానులో గరాజ్.

కారులో ఎవరం మాట్లాడలేదు. ఇంటికొచ్చాక మా ఆవిడే ముందంది, "ఇల్లు కిందికి జరుపుదాం" అని. వ్యూ పోతుందన్నాను. "వంటింటి కిటికీలోంచి ఆ ఎత్తు కనబడితే చాలు నాకు" అంది.

2024 జనవరి 20

డిజైన్ మార్చాం. ఇల్లు 32 మీటర్లు దక్షిణానికి, దున్నిన పల్లంలోకి జరిగింది. నష్టాలు దాచను. పల్లంలో మట్టి మన నల్లరేగడికి తమ్ముడే, లావా రాయి మురిగి అయిన బంకమట్టి. వానకు ఉబ్బి, ఎండకు బీటలిస్తుంది. మట్టి పరీక్ష చేయించి ఇంటి కింద పునాది స్లాబ్ ఇంకా గట్టిగా డిజైన్ చేయాల్సి వచ్చింది, ఖర్చు పెరిగింది. డ్రాయింగులకు మళ్లీ డబ్బు.

లాభం ఒకటి మేం అనుకోనిది. సెప్టిక్ నీళ్లు ఇప్పుడు గడ్డికి దిగువన ఇంకుతాయి. ఈ నేలల్లో భాస్వరం తక్కువ, స్థానిక గడ్డి దానికే అలవాటు పడింది. ఎరువు తగిలితే కలుపు ఎగబడి దాన్ని మింగేస్తుంది. పాత ప్లానులో సెప్టిక్ ఎత్తు మీదే ఉంది. ఇల్లు కట్టని మిగతా గడ్డిని కూడా ఏటా కొంచెం కొంచెంగా మేమే చంపుకునేవాళ్లం. నాన్న మొన్న "నాలుగు గుప్పిళ్లు యూరియా కొడితే పచ్చగా లేస్తుంది కదరా" అన్నప్పుడు ఇదే చెప్పాను. నమ్మకం కుదరలేదు ఆయనకి, కానీ కొట్టలేదు.

ఈ వారం కంగారూ గ్రాస్ గింజ రాలడానికి సిద్ధంగా ఉంది. అమ్మా నాన్నా ఊరెళ్లేముందు కంకులు కోసి, నీడన ఆరబెట్టి, రెండు గోనెసంచుల్లో కట్టి పెట్టారు. ఎందుకని అడిగితే, "విత్తనం లేని రైతు రైతేంట్రా" అన్నారు.

మే 16

పర్మిట్ వచ్చింది. తీసేది గేటు దగ్గర డ్రైవ్‌వే దాటే చోట 0.03 హెక్టార్లే. ఆ కాస్తకీ 'ఆఫ్‌సెట్' కొనాలి. అంటే ఇంకెక్కడో ఇంకొకరు తమ స్థలంలోని స్థానిక మొక్కల్ని శాశ్వతంగా కాపాడతామని రాసిస్తారు, దానికి మనం డబ్బు కడతాం. కట్టాను. కానీ నాకు ఇది మింగుడుపడలేదు. అక్కడి గడ్డి ముందే ఉంది. ఇక్కడిది పోతుంది. కాగితం మీద లెక్క సరిపోయినా నేల మీద తగ్గుతూనే ఉంటుంది. అందుకే ముందు తప్పించు, తర్వాత తగ్గించు, చివరికే ఆఫ్‌సెట్ అన్న నియమంలో మొదటి మాటను గట్టిగా పట్టుకోమని స్థలం కొన్న ప్రతివాళ్లకీ చెబుతున్నాను. అది ప్లాను గీయకముందే సాధ్యం.

ఆగస్టు 10

గడ్డి చుట్టూ ఇనుప కమ్మీలు పాతి, నారింజ రంగు వల కట్టాం. "లోపలికి రావద్దు" అని బోర్డులు. పనివాళ్లకు టీ ఇచ్చి ఒక్కొక్కరికీ చూపించాను.

సెప్టెంబర్ 19

ఆఫీసులో ఉండగా పక్క స్థలం ఆయన ఫొటో పంపాడు. గుండె గుభేలుమంది.

స్లాబ్ కోసం తవ్విన మట్టిని తీసుకెళ్లి, వల తొక్కేసి, గడ్డి మీద పోశారు. అరవై చదరపు మీటర్ల మేర, నడుము ఎత్తు బంకమట్టి. కాంట్రాక్టర్‌కు ఫోన్ చేస్తే "గడ్డే కదా, మెషీన్‌తో గీకేస్తాం" అన్నాడు. చేతులు వణికాయి నాకు. వద్దు, మెషీన్ అటు రాకూడదన్నాను. గీకితే మట్టితో పాటు వేళ్లూ పోతాయి. కౌన్సిల్‌కు, ఎకాలజిస్ట్‌కు మేమే ఫొటోలతో రాశాం. దాచిపెడితే నయం అని ఒకరిద్దరు చెప్పారు. ఆ ఆలోచనే నాకు నచ్చలేదు.

సెప్టెంబర్ 22

టార్నీట్ నుంచి తొమ్మిది మంది స్నేహితులు వచ్చారు. చెక్కపలకలు పరిచి వాటి మీద నిలబడి, పారలతో మట్టి ఎత్తి తోపుడు బండ్లలో పల్లానికి చేరవేశాం. చివరి బెత్తెడు మాత్రం చేతులతో, చీపుళ్లతో. మధ్యాహ్నం పులిహోర, పెరుగన్నం. సాయంత్రం ఆరింటికి నేల కనబడింది. దుబ్బులు నలిగి, తెల్లబారి, నేలకు అంటుకుపోయి ఉన్నాయి. ఒక దుబ్బు మొదలు విప్పి చూశాను. లోపల గోరంత పచ్చదనం ఉంది.

నవంబర్ 2

నలిగిన చోట సగం దుబ్బులు చిగురించాయి, సగం చచ్చిపోయాయి. ఖాళీల్లో నాన్న కట్టిపెట్టిన సంచుల్లోని గింజ చల్లాం. కంగారూ గ్రాస్ కొత్త గింజ వెంటనే మొలవదు, కొన్ని నెలలు నిద్రపోవాలి. తొమ్మిది నెలలు ఆగిన గింజ ఈ వెచ్చదనానికి సరిగ్గా అందింది. పొగ తగిలితే మొలక పెరుగుతుందని, పొగ పట్టించిన నీళ్లలో సగం గింజ నానబెట్టాం.

రెండు చదరపు మీటర్లలో పంచదార కూడా చల్లాను, మీటరుకు అరకిలో. ఇక్కడి పరిశోధకులు వాడిన పద్ధతే ఇది. పంచదార తిని మట్టిలో సూక్ష్మజీవులు పెరిగి నత్రజనిని పట్టేసుకుంటాయి, కలుపుకు అందదు. మూడు నెలలకోసారి వేయాలి. ఫోన్లో అమ్మ వింటే కేకలేస్తుందని చెప్పలేదు.

2025 ఫిబ్రవరి 15

గృహప్రవేశం అయింది. పంచదార వేసిన చోట కలుపు పక్కదానికంటే పొట్టిగా, పలచగా ఉంది. మిగతా విషయాలు రాయడానికి తీరిక లేదు.

ఏప్రిల్ 27

ఈ రోజు గడ్డికి నిప్పు పెట్టాం. పెట్టమన్నది ఎకాలజిస్టే. కంగారూ గ్రాస్‌ను ఏళ్ల తరబడి కాల్చకుండా వదిలేస్తే ఎండుటాకులు పేరుకుని, దుబ్బుల మధ్య ఖాళీలు మూసుకుపోయి, పూలమొక్కలు ఊపిరాడక చస్తాయి. చివరికి దుబ్బే కుళ్లిపోతుంది. మూడు నుంచి ఐదేళ్లకోసారి కాలాలి. ఇక్కడి ఆదివాసులు వేల ఏళ్లు అలాగే కాల్చారు. దుబ్బుల మధ్య ఖాళీల్లో ముర్నాంగ్ అనే దుంప పెరిగేది, అది వాళ్ల ముఖ్యమైన తిండి. గొర్రెలు దిగిన కొద్దికాలానికే అది తుడిచిపెట్టుకుపోయింది.

పర్మిట్ తీసుకుని, పొగ చూసి ఎవరూ ఎమర్జెన్సీ నంబరు ట్రిపుల్ జీరోకు ఫోన్ చేయకుండా ముందే నమోదు చేసి, మా ఏరియా అగ్నిమాపక సంస్థ సీఎఫ్ఏ వాలంటీర్లు లారీతో వచ్చాక అంటించాం. మూడో వంతే. మిగతా రెండు వంతుల్లో పురుగులూ బల్లులూ తలదాచుకోవాలి. మంట మోకాలెత్తున, గాలికి ఎదురుగా మెల్లగా నడిచింది. ఇరవై నిమిషాల్లో అయిపోయింది. నల్లటి నేల మీద రాళ్లన్నీ బయటపడ్డాయి. ఇన్ని రాళ్లున్నాయని మాకూ తెలియదు.

నవంబర్ 8

కాల్చిన చోట దుబ్బులన్నీ లేచాయి. వాటి మధ్య పోయినేడు మూడు బ్లూ డెవిల్ మొక్కలుంటే ఈసారి పద్నాలుగు లెక్కపెట్టాను. ఇంకా పచ్చగానే ఉన్నాయి, డిసెంబర్‌కు నీలం తిరుగుతాయి.

మట్టి పోసిన అరవై చదరపు మీటర్లలో కొత్త మొలకలు వచ్చాయి. కంగారూ గ్రాస్ మొలకల్ని గుర్తుపడుతున్నాను, మొదలు బల్లపరుపుగా నొక్కినట్టుంటుంది. కానీ వాటి మధ్య సన్నటి ఆకులతో ఇంకేదో గుంపుగా లేచింది. మేం చల్లింది కాదు. టసకేమోనని రెండు రోజులుగా భయం. ఈ ఉదయం పార పట్టుకుని వెళ్లి, ముందు నాన్నకు వీడియో కాల్ చేశాను. అక్కడ ఇంకా తెల్లారలేదు, దుప్పటి కప్పుకునే ఫోన్ ఎత్తారు.

"దగ్గరగా పెట్టు. ఆకు కాదురా, మెడ దగ్గర. గోటితో విప్పు. ఇప్పుడేం కనబడుతోంది?"

ఫోన్ రాయికి ఆనించి, రెండు చేతులతో విప్పి, కంటి దగ్గర పెట్టుకున్నాను.

"వెంట్రుకలున్నాయి నాన్నా."

"అయితే పార పక్కన పెట్టెయ్."